మొక్కు కథలో నవ్వు: ఇద్దరు కలిసి రాసేటప్పుడు

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగిన సంగతి ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. తనూ, తన దోస్తూ కలిసి ఒక రైసుమిల్లు సేటు కథ రాస్తున్నారు. కొడుక్కి ప్రాణం మీదికొస్తే సేటు గుట్ట మీది నరసింహస్వామికి నిలువుదోపిడి మొక్కుతాడు. పిల్లగాడు కోలుకుని ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆ మొక్కు ఎట్లా ఎగ్గొట్టాలా అని చూస్తుంటాడు. అరగంట షార్ట్ ఫిలిం అనుకున్నది పెరిగి పెద్ద సినిమా అయ్యేటట్టుంది. దోస్తు ఏటా అయ్యప్ప మాల వేసుకునే మనిషి. ఇతను రాసిన జోకులు ‘అపచారం’ అని కొట్టేస్తున్నాడట. “జోకులు నేను రాస్త, భక్తి సీన్లు వాడు రాస్తడు. పంచుకుంటే గొడవుండదు గదా అన్నా? టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు? హైదరాబాద్‌లో ఒక నిర్మాత కథ వింటనన్నడు, ఎట్లా పోవాలె?” ఇదీ ప్రశ్న.

పంచుకోవద్దు తమ్ముడూ. నల్లగొండలో పరిషత్తు నాటకాలతో మొదలుపెట్టి షార్ట్ ఫిలింలు, సీరియళ్ల మాటల దాకా చాలామందితో కలిసి కూర్చుని రాసినవాణ్ణి గనక ఇంత గట్టిగా చెప్తున్నా. జోకు ఒకరిది, దండం ఒకరిది అనుకున్న రోజే కథ రెండుగా చీలిపోతుంది. ఒకప్పుడు మన సినిమాల్లో కామెడీ ట్రాక్ విడిగా రాయించి అతికించేవాళ్లు. హీరో దారి హీరోది, హాస్యగాళ్ల దారి వాళ్లది. మామూలు కథల్లో అది చెల్లింది. మొక్కు కథలో చెల్లదు. పది నిమిషాలు హారతి, పది నిమిషాలు వెకిలితనం, మళ్లీ హారతి. చూసేవాళ్లకు హారతి దగ్గర విసుగు, వెకిలితనం దగ్గర కోపం. రెండూ పోతాయి.

నువ్వు గమనించని సంగతి ఇంకోటుంది. మీ ఇద్దరిలో జోకుల గని నీ దోస్తు. నీకు తెలిసింది టైమింగ్. అతనికి తెలిసింది గుడి. తీర్థం ఏ చేత్తో పట్టాలి, ప్రదక్షిణ ఎటునుంచి, దీక్షలో ఏం తినొద్దు, మొక్కు తీర్చడానికి ఎవరెవరు రావాలి, రాకపోతే ఏమవుతుంది, ఇవన్నీ అతనికి కంఠతా వచ్చు. నియమం ఉన్న ప్రతి చోటా దాన్ని తప్పించుకోవాలని చూసే మనిషి ఉంటాడు. హాస్యం అక్కడ పుడుతుంది. నియమం తెలియనివాడు రాస్తే పూజారి బొజ్జ మీద, పిలక మీద జోకులే వస్తాయి. శఠగోపం మీద జోకు ప్రతివాడికీ తడుతుంది. మొదటి సిట్టింగులోనే, అంటే కథకోసం కలిసి కూర్చున్న మొదటి రోజే, దాన్ని రాసేసుకుని పక్కన పెట్టండి.

మీ కథలోదే ఒక సీను తీసుకుందాం. నువ్వు పంపిన దాంట్లో సేటు గర్భగుడి ముందు నిలబడి స్వామితో బేరమాడతాడు, ‘సగానికి సెటిల్ చేసుకుందాం’ అంటాడు, గుడిగంట దానంతటదే మోగుతుంది, సేటు పరుగో పరుగు. నీ దోస్తు దాన్ని కొట్టేశాడు. నేనైనా కొట్టేసేవాణ్ణే, అపచారమని కాదు, పాతదని. దాన్నే నీ దోస్తుకు తెలిసిన దాంతో రాస్తే ఎట్లా ఉంటుందో చూడు.

తెల్లవారుజాము. సేటు నూలు పంచె, పాత బనీనుతో మెట్లెక్కి వస్తాడు. మెడలో గొలుసు లేదు, చేతికి కడియం లేదు. నిలువుదోపిడి అంటే ఒంటి మీద ఉన్నవే కదా ఇవ్వాల్సింది, అందుకని ఒంటి మీద ఏమీ లేకుండా వచ్చాడు. పూజారి ఏమీ అనడు. తీర్థం కోసం ఉద్ధరిణె ఎత్తుతాడు. సేటు కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమ చెయ్యి చాపుతాడు.

“కుడి చెయ్యి సేటూ.”

“నొస్తుంది అయ్యగారూ. వడ్ల బస్తా మీద వడ్డది.”

“తీర్థం వడితే నొప్పి వోతది. సాపు.”

చాపుతాడు. నాలుగు వేళ్లకు ఉంగరాలు తీసిన చోట నాలుగు తెల్లటి పట్టీలు. పూజారి ఒక్క క్షణం ఆ వేళ్లకేసి చూసి తీర్థం పోసి పక్కకు జరుగుతాడు. వెనక వరసలో సేటు మిల్లులోనే బస్తాలు మోసే హమాలీ. అతను ఏ మొక్కూ మొక్కలేదు. సేటు కొడుకు బతికాడన్న సంతోషంతో వేలికున్న ఒక్క ఉంగరం తీసి హుండీలో వేస్తాడు. ఠంగుమంటుంది. సేటు గిరుక్కున తిరిగి, గొంతు తగ్గించి, “అది రాగిదా, బంగారందా రా?”

స్వామి ఈ సీనులో ఏమీ చేయలేదు. గంట మోగలేదు, గాలి వీచలేదు. పూజారి మీదా నవ్వు రాలేదు. కుడి చెయ్యే పట్టాలన్న నియమం నీ దోస్తు ఇవ్వాల్సింది. ఆ చెయ్యి వెనక్కి దాచడం, చివరి ప్రశ్న దాకా బంగారం మాట సేటు నోట రాకుండా ఆపడం నువ్వు చేయాల్సింది. ఇందులో ఏ లైను ఎవరిదో విడదీయగలవా? విడదీయడానికి రాని సీన్లే ఉంచండి. మిగతావి మళ్లీ రాయండి.

నవ్వు ఎవరి మీద అనేది మొదటి రోజే తేల్చుకోవాలి. మన దగ్గర దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. 13వ శతాబ్దంలో మన పాలమూరు గడ్డ మీద వర్ధమానపురం, అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా నందివడ్డెమాన్, ఏలిన గోన బుద్ధారెడ్డి ద్విపదలో రంగనాథ రామాయణం రాశాడు. ఉత్తరకాండ కొడుకులు కాచ విభుడు, విఠలుడు పూర్తి చేశారు. అంటే ఇక్కడ ఉమ్మడి రచన కొత్తేం కాదు. అందులోనూ, ఆడవాళ్లు పాడుకునే రామాయణం పాటల్లోనూ లక్ష్మణుడి నవ్వు కథ ఉంది. పద్నాలుగేళ్లు నిద్ర లేకుండా కాపలా కాసిన లక్ష్మణుడు పట్టాభిషేకం నిండుసభలో ఉన్నట్టుండి నవ్వుతాడు. ఇచ్చిన మాట ప్రకారం నిద్రాదేవి సరిగ్గా ఆ వేళకే వచ్చింది, అందుకు నవ్వాడు. కానీ సభలో ప్రతివాడూ తనను చూసే నవ్వాడనుకుంటాడు. అన్న చావుకు కారణమయ్యానని సుగ్రీవుడు, అన్నను విడిచి వచ్చానని విభీషణుడు, ఇట్లా ఎవరి లోపలి ముల్లు వాళ్లకు గుచ్చుకుంటుంది.

ఒక్క నవ్వు, సభంతా తలలు దించుకోవడం. భక్తికి లోటు రాలేదు, రాముడికి లోటు రాలేదు, కథ మాత్రం గిలిగింతలు పెడుతుంది. నీ మిల్లు సేటు కథ కూడా ఇదే కోవలోది. గుట్ట మీద ఎవరు నవ్వినా సేటు తన ఉంగరాల గురించే అనుకోవాలి. అది పట్టుకుంటే రెండో సగానికి కావలసినన్ని సీన్లు దొరుకుతాయి.

నవ్వు గురి తప్పితే ఏమవుతుందో చెప్పడానికి కురుమూర్తి జాతర చాలు. మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలో, దీపావళి దాటాక బ్రహ్మోత్సవాలు. అందులో ఉద్దాల ఉత్సవం ముఖ్యం. స్వామి పాదాలకు ఉద్దాలు, అంటే చెప్పులు, దగ్గర్లోని వడ్డెమాన్‌లో (ఇందాకటి నందివడ్డెమాన్ కాదు) మాదిగ కుటుంబాలు నియమంతో ఉండి తయారు చేస్తాయి. వాటిని ఊరేగింపుగా తీసుకుపోతారు, జనం దండాలు పెడతారు. ఇక్కడ కథ రాయమంటే పట్నంలో కూర్చున్నవాడు కుట్టేవాళ్ల మీద, వాళ్ల మాట మీద జోకు వేస్తాడు. అది నీచం, పైగా నవ్వు కూడా రాదు. మామూలు రోజుల్లో వాళ్లను గడప అవతలే నిలబెట్టిన పటేలు, ఉద్దాలు వస్తున్నాయంటే అందరికంటే ముందు వంగుతాడు చూడు, కెమెరా అక్కడ పెట్టాలి. వంగినప్పుడు నడుం పట్టేస్తే ఇంకా మంచిది. ఎవరు లేపాలి మరి?

యాస విషయంలోనూ ఇంతే. తెలంగాణ మాటను తెర మీద చాలాకాలం తాగుబోతుకూ, రౌడీకీ, పనివాడికీ కట్టబెట్టారు. నీ సేటు, పూజారి, హమాలీ ముగ్గురూ మన మాటే మాట్లాడితే అందులో నవ్వడానికేముంది? మిర్యాలగూడ మాట వేరు, కొల్లాపూర్ మాట వేరు. ఇద్దరూ రాస్తున్నప్పుడు ఒక్కో పాత్ర ఏ ఊరిదో రాసి పెట్టుకోండి. లేకపోతే ఒకే మనిషి ఒక సీనులో ‘పోతున్న’ అని, ఇంకో సీనులో ‘పోతాన్న’ అని అంటాడు.

ఇక కొట్లాటల సంగతి. మేము సిట్టింగుల్లో పెట్టుకున్న కట్టుబాటు ఒకటే: కొట్టేసేవాడు బదులు రాయాలి. వద్దు అనడానికి హక్కుంది, వద్దని ఊరుకోవడానికి లేదు. నీ దోస్తు ఒక జోకు తీసేశాడంటే అదే చోట, అంతే నిడివిలో, నవ్వొచ్చేది తనే రాయాలి. నువ్వు హారతి సీను సాగుతోందంటే తగ్గించి రాసి చూపించాలి. రెండు సిట్టింగులయ్యేసరికి ‘వద్దు’లు చాలామటుకు రాలిపోతాయి.

మిగిలిన అభ్యంతరాలకు ఒక ప్రశ్న అడగండి: దీనికి స్వామికి కోపమొస్తుందా, సర్పంచుకు కోపమొస్తుందా? మొదటిదైతే నీ దోస్తు మాటే చెల్లాలి, వాదించకు. నమ్మినవాడికి నొప్పి ఎక్కడో నమ్మినవాడికే తెలుస్తుంది. రెండోదైతే జోకు ఉండాలి. ‘మావాళ్లు ఏమనుకుంటారో’ అనే భయం చాలాసార్లు భక్తి వేషంలో వస్తుంది. నువ్వూ ఒక మర్యాద పాటించు. అతని నమ్మకం మీద సిట్టింగులో జోకులు వేయకు, అవి కథలోకి పనికిరావు. అతను మాలలో ఉన్నన్నాళ్లు సిట్టింగు బిర్యానీ హోటల్లో పెట్టకు. ఇది చెప్పాల్సిన మాట కాదు గానీ, ఇట్లా విడిపోయిన జంటలను చూశాను.

రాసే పద్ధతికి వస్తే, ముందు కాగితం పట్టుకోకండి. నోటితో చెప్పుకోండి. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలుంటారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. హాస్యం చెప్పే వంతకు కథ మొత్తం వచ్చి ఉండాలి, అప్పుడే ఎక్కడ అడ్డం పడాలో తెలుస్తుంది. మన ఒగ్గుకథలోనూ పక్కవాళ్లు ‘ఆఁ, తర్వాత?’ అంటూనే ఉన్నట్టుండి పాత్రలోకి దూకుతారు. మీలో ఒకరు సీను చెప్పాలి, ఇంకొకరు సేటు అయిపోయి అడ్డం పడాలి. ఫోన్‌లో రికార్డు పెట్టుకోండి. మర్నాడు మార్చుకుని, భక్తుడు సేటు కావాలి, నువ్వు పూజారివి కావాలి. భక్తుడి నోట సేటు మాటలు పుట్టినప్పుడు వచ్చే నవ్వు వేరు.

ఆ తర్వాత ఒన్ లైన్ (కథ క్లుప్తంగా), సీన్ ఆర్డర్ (సీన్ల వరస), అప్పుడు డైలాగ్ వెర్షన్ (మాటలతో సహా). సీన్ ఆర్డర్ ఇద్దరూ ఒప్పుకోకుండా ఒక్క డైలాగూ రాయొద్దు. జోకు ముందు పుట్టి దానికోసం సీను వెతుక్కుంటే మధ్యలో కథ నిలబడిపోతుంది. మొదటి డ్రాఫ్ట్ మొత్తం ఒక్కరే టైపు చేయండి, రెండోది ఇంకొకరు మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు చేయాలి, పైపైన దిద్దడం కాదు. సరి సీన్లు నీవి, బేసి సీన్లు నావి అంటే గొంతు కలవదు. యూనికోడ్‌లోనే రాయండి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన ఫైలు ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలొస్తాయి, డైరెక్టర్ అసిస్టెంటు దాన్ని అక్కడే మూసేస్తాడు. ఎడమ సగంలో జరిగేది, కుడి సగంలో మాటలు, మన దగ్గర పాత వాడుక అదే. ఇంగ్లిష్ పద్ధతి అడిగితే సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది, దానికోసం తిప్పలు పడకండి.

ఒక అమావాస్య రాత్రి ఇద్దరూ చెర్వుగట్టుకు పోండి. నార్కట్‌పల్లి దగ్గరే, మీకు దూరం కాదు. జడల రామలింగేశ్వరుడి దగ్గర ఆ రాత్రి నిద్ర చేయడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మెట్ల మీద కూర్చుని ఊరికే వినండి. “బోరు వడితె వస్తనంటి. వడ్డది గాని రెండించులే వడ్డది. మరి మొక్కు గూడ సగమేనా?” ఇట్లాంటి మాట టేబుల్ ముందు కూర్చుంటే పుట్టదు. అన్నవాడు జోకు అనుకుని అనలేదు, నిజంగా లెక్క తేల్చుకుంటున్నాడు. ఎవరి మొహమూ, గొంతూ అడగకుండా ఫోన్‌లో ఎక్కించొద్దు, అక్కడ కష్టంతో వచ్చినవాళ్లే ఎక్కువ. రాసినది చదివి వినిపించేటప్పుడు కూడా దోస్తుల గుంపుకు కాదు, నిజంగా మొక్కులు తీర్చే ఒక పెద్దమ్మకు వినిపించండి. ఆమె నవ్వి, వెంటనే చెంపలేసుకుందంటే సీను ఉంచండి. చెంపలేసుకుని నవ్వకపోతే తీసేయండి.

పేర్లు, కాగితాలు. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు మూడూ ఇద్దరివీ అని వేయించుకోండి. ముందెవరు అంటే అక్షరక్రమం, గొడవే లేదు. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతి శాస్త్రి 1920లో పోయారు. చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి ఆ తర్వాత ఒంటరిగా రాసినవాటినీ జంట పేరుతోనే వెలువరించారు. మీరు అంత దాకా పోనక్కర్లేదు. వంద రూపాయల బాండు పేపరు మీద నాలుగు మాటలు రాసుకుంటే చాలు: డబ్బు ఎట్లా పంచుకోవాలి, ఒకరు మధ్యలో మానేస్తే అప్పటిదాకా రాసింది ఎవరిది, నిర్మాత మార్పులడిగితే ఎవరు ఒప్పుకోవాలి, రెండో భాగం తీస్తే ఏంటి. స్నేహం బాగున్నప్పుడే రాయండి, చెడ్డాక ఎవరూ సంతకం పెట్టరు.

1957 కాపీరైట్ చట్టంలో ఎవరి భాగం ఏదో విడదీయరాని రచన ఉమ్మడి రచన. నీ దోస్తు సంతకం లేకుండా నువ్వొక్కడివే దాన్ని అమ్మలేవు, అతనూ అంతే. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లు, ఎక్కడెక్కడ అని రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం చెప్తుంది. నిర్మాతలిచ్చే కాగితాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ఉంటుంది, చదివి సంతకం పెట్టండి. ఐడియాకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. ‘మొక్కు ఎగ్గొట్టే సేటు’ అన్నంత మాత్రాన అది మీ సొత్తు కాదు, రాసిన సీన్లే మీ సొత్తు. అందుకని వినిపించడానికి పోయే ముందే ఇద్దరి పేర్లతో స్క్రిప్టు రిజిస్టర్ చేయండి. కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే. సభ్యులైతే హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘంలోనూ చేయించుకోవచ్చు.

మతం సంగతిలో చట్టం చూసేది ఉద్దేశం. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్, పాత 295ఎ, కావాలని దురుద్దేశంతో మతభావాలను అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు అంటుంది. మీ కథ ఆ దరిదాపుల్లో లేదు. అయినా కేసులదాకా, గొడవలదాకా పోకుండా గుట్టకు కల్పిత పేరు పెట్టండి. యాదగిరిగుట్ట అనో, మట్టపల్లి అనో పెట్టారంటే కథ పక్కకుపోయి ‘మా దగ్గర తీర్థం అట్లా ఇయ్యరు’ అన్న తగువే మిగులుతుంది.

నిర్మాత దగ్గరికి ఇద్దరూ పోండి, చెప్పేది ఒక్కరే చెప్పాలి. నవ్వించడం నీ పని గనక నువ్వే చెప్పాలనుకుంటావు. నా మాట విని నీ దోస్తుతో చెప్పించు. నుదుట బొట్టుతో కూర్చున్న మనిషి ఉంగరాల మచ్చల సీను నవ్వకుండా చెప్తే, ‘దేవుడి మీద కామెడీ కదా, రిస్కేమో’ అన్న ప్రశ్న అవతలివాళ్ల నోటి దాకా రాదు. నువ్వు పక్కన కూర్చుని వాళ్ల మొహాలు చూడు, ఎక్కడ ఫోను చేతికి తీసుకున్నారో ఆ సీను నంబరు గుర్తుపెట్టుకో. కథంతా విన్నాక ‘బాగుంది, సేటుకు ఒక కామెడీ బ్యాచ్ పెడదాం’ అంటారు. అనకుండా ఉండరు. అక్కడికక్కడ అవుననొద్దు, కాదనొద్దు. ‘ఇద్దరం మాట్లాడుకుని చెప్తాం సార్’ అని బయటికి రండి. చాయ్ తాగేటప్పుడు కూడా ఆ ఆఫీసు ముందరి హోటల్లో మాట్లాడకండి, అసిస్టెంట్లంతా అక్కడే తాగుతారు.